అల్మారా లోపలి రంగు

ఈ వారం న్యూటౌన్‌లో ఒక పిల్లవాడి గదికి రంగేశాను.
పైకప్పుకి అర్ధరాత్రి నీలం, మూడు కోట్లు
(డబ్బు కాదు, పూతలు).
చుక్కలు ఎక్కడెక్కడ పెట్టాలో
వాళ్ళమ్మ కాగితం మీద గీసిచ్చింది.
ఆ పిల్లవాడు ఇంకా పుట్టలేదు.

నిరుడు టార్కీలో, కవలల స్నానాలగది.
టబ్బు చుట్టూ ఒక తిమింగలం, దాని తోక
కిటికీ దాటి కమోడ్ వెనక దాకా.
మోకాళ్ళ మీద నాలుగు రోజులు పాకాను.

పిల్లల గదులు నాకు కొట్టిన పిండి.
జిడ్డు చేతులు గోడ మీద ఏ ఎత్తు దాకా పడతాయో,
బంకుమంచం నిచ్చెన ఎక్కడ రాసుకుని పెచ్చు లేపుతుందో,
గులాబీరంగే కావాలని ఏడ్చినవాళ్ళు
ఎన్నో ఏట దాన్ని చూసి సిగ్గుపడతారో
చూడకుండా చెప్పగలను.

జీలాంగ్‌లో ఇన్ని ఇళ్ళు వేశానా,
కోరయోలో మా అద్దెకొంపకి మాత్రం
మేం దిగిననాటి నుంచీ ఒకటే రంగు.
డబ్బా మీద దానికేదో సొగసైన పేరుంటుంది.
మా ఆవిడ పులిసిన మజ్జిగ అంటుంది.
ఒప్పందం పదిహేడో పేజీలో ఉంది:
మేకు కొట్టరాదు, రంగు వేయరాదు.
ఆర్నెల్లకోసారి ఏజెంటు వచ్చి ఫోటోలు తీసుకుపోతుంది.

అందుకే మేదిని గదిలో అన్నీ అతుకులే.
వాళ్ళమ్మ గుడ్డ మీద కుట్టిన చిలకని టేపుతో అంటిస్తే
జనవరి ఎండలకి
ముక్కు కిందికి వేలాడేసింది.
బాత్రూంలో తువ్వాలు తగిలించే రబ్బరు కొక్కెం
రోజూ అర్ధరాత్రి తప్పుమని ఊడిపడుతుంది.
ముగ్గురం లేస్తాం,
ఎవరమూ వెళ్ళి చూడం.
వాష్‌బేసిన్ ముందు ముక్కాలిపీట మాత్రం నేనే చేశాను,
ఎవరింటివో అరల చెక్క మిగిలితే.
అదెక్కితే అద్దంలో దాని నుదురు కనిపిస్తుంది,
కళ్ళకి ఇంకో రెండంగుళాలు తక్కువ.
పీట ఎత్తు పెంచనా అంటే
"వద్దు, నేనే వస్తాలే" అంది.

ఒకరోజు పళ్ళు తోముకుంటూ, నోటినిండా నురగతో,
"నువ్వు రంగులేసే నాన్నవే కదా?"

గరాజులో పదకొండు ఇళ్ళ అడుగుడబ్బాలున్నాయి.
శనివారం మూతలన్నీ తీసి వరసగా పెట్టి
ఏ రంగమ్మా అన్నాను.
అన్నీ చూసింది. కళ్ళు మూసుకుని
ఎండకేసి మొహం తిప్పింది.
"ఇది" అంది, రెప్ప మీద వేలు పెట్టి.

ఇరవై రెండేళ్ళ పనితనం నాది.
నేనూ కళ్ళు మూసుకున్నాను.
ఎరుపు కాదు. నారింజా కాదు.
బొప్పాయిపండులో కాస్త ఇటుకపొడి,
అంచున ఎక్కడో నేరేడు మచ్చ.
న్యూటౌన్ నీలం ఒక్క బొట్టు పడేదాకా
అది కుదిరితే ఒట్టు.

గౌన్లన్నీ మంచం మీద పోసి అల్మారా ఖాళీ చేశాం.
లోపల మూడు వైపులా వేశాం, పైన కూడా.
చెయ్యి అందినంత మేరా అదే వేసింది.
రంగు చారలు చారలుగా కారింది.
సరిచేయబోయి, కుంచె నీళ్ళలో పడేశాను.
నా పనిలో కారిన పూత ఆరిపోవడం
అదే మొదలు.

ఈసారి తనిఖీకి కొత్తావిడ, బ్రోన్విన్ అట, చేతిలో ట్యాబు.
గోడలకి ఫోటో. కిటికీకి ఫోటో.
చిలకకి కూడా.
అల్మారా తలుపు లాగింది.
లోపల మేదిని, మోకాళ్ళు గడ్డానికి ఆనించి,
టార్చిలైటు వెలిగించుకుని.
ఇద్దరూ కాసేపు చూసుకున్నారు.
"సారీ" అంది బ్రోన్విన్,
ఎవరి గదిలోకో తలుపు కొట్టకుండా వచ్చేసినట్టు,
సందు లేకుండా మెల్లగా మూసింది.

ట్యాబులో ఏం రాసుకుందో తెలీదు.
ఉత్తరం ఇంకా రాలేదు.
వస్తుందేమోనని పులిసిన మజ్జిగ ఒక డబ్బా
గరాజులో అట్టే పెట్టాను, మూత తీయలేదు.
పనివాడిగా చెప్తున్నాను, వినండి:
ఆ రంగు మీద అది రెండు పూతలకి ఆగదు.
మూడుకి కూడా నేను పూచీ ఇవ్వను.